అమెరికన్ ఫుట్‌బాల్ గీతల మీద రగ్బీ లీగ్

పోయిన ఏడాది మార్చిలో ఒక శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు, న్యూజెర్సీలోని ఐసెలిన్‌కు ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక హైస్కూలు ఫుట్‌బాల్ మైదానంలో ఉన్నవాళ్లు, ఉన్నవి ఇవి:

నాలుగు జట్లు, మొత్తం యాభై తొమ్మిది మంది ఆటగాళ్లు.
రెఫరీని నేను. గీతల దగ్గర జెండాలు పట్టుకున్నవాళ్లు ఇద్దరు.
రెఫరీలందరికీ పెద్ద అయిన డెస్, మడత కుర్చీలో.
టౌన్ పార్కుల శాఖ అధికారి మిసెస్ హాలరన్, చేతిలో క్లిప్‌బోర్డు.
ప్రేక్షకులు పందొమ్మిది మంది. వాళ్లలో ఒకరు పద్మజ గారు, మా ఆటగాడు కార్తీక్ వాళ్లమ్మ.
బంతులు ఆరు. నారింజ రంగు కోన్లు ముప్పై ఆరు.
గోల్ పోస్టులు రెండు, వాటి కాళ్లు నాలుగు, కాళ్లకు చుట్టిన నీలం ప్యాడ్లు నాలుగు.
నా జేబులో నలభై మూడు అంశాల చెక్‌లిస్టు, అన్నింటికీ టిక్కులు.

ఆ నలభై మూడు టిక్కుల్లో ఒకటి తప్పు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

నా పేరు శ్రీధర్. వయసు ముప్పై ఆరు. ఈ వయసుకే రిటైరయ్యానంటే నవ్వుతారు కానీ, రెఫరీ వయసును మోకాళ్లే లెక్కపెడతాయి. ఎనిమిది సీజన్లు విజిల్ ఊదాక, ఇక పరుగు మానుకోమని డాక్టర్ చెప్పాడు. మానేశాను. పగలు జెర్సీ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నాది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడు ఇంకోచోట జీతం తీసుకోకూడదు కాబట్టి రెఫరీగా ఒక్క డాలరూ తీసుకోలేదు. అయినా నీ వృత్తి ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది విజిలే.

మన పిల్లలు కొందరు ఇప్పుడు ఈ ఆటలోకి వస్తున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు విజిల్ పట్టుకుంటామంటున్నారు. ఇది వాళ్ల కోసం. రూల్ పుస్తకంలో ఉన్నది ఇక్కడ మళ్లీ రాయను.

ఆట, మైదానం

రగ్బీ లీగ్ తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. కోలగా ఉండే బంతి. జట్టుకు పదమూడు మంది. బంతిని వెనక్కే అందించాలి, ముందుకు విసరకూడదు. బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపితే అతను లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి ఆట కొనసాగిస్తాడు. అలా ఆరోసారి పట్టుబడితే బంతి అవతలి జట్టుది. ఆపిన జట్టు ప్రతిసారీ పది మీటర్లు వెనక్కి వెళ్లి నిలబడాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అది ట్రై. ఆ తర్వాత బంతిని పోస్టుల మధ్యగా తన్నే కన్వర్షన్ ఉంటుంది. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేను కబడ్డీ ఆడేవాణ్ణి. మొదటిసారి ఈ ఆట చూసినప్పుడు, కబడ్డీకి ఎవరో బంతి ఇచ్చి పెద్ద మైదానంలోకి వదిలారనిపించింది.

ఆ పెద్ద మైదానమే మా సమస్య. దాని పొడవు వంద మీటర్లు, వెడల్పు అరవై ఎనిమిది. ఏడు సీజన్లు ఒక కౌంటీ పార్కులో సరిగ్గా అలాంటి మైదానంలోనే ఆడాం. తర్వాత ఆ పార్కును రెండు సాకర్ మైదానాలుగా మార్చారు. ఇక మిగిలినవి హైస్కూళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ మైదానాలు. వాటి పొడవు వంద గజాలు, అంటే తొంభై ఒకటిన్నర మీటర్లు. అది ఫరవాలేదు. వెడల్పు మాత్రం యాభై మూడు గజాల ఒక అడుగు, అంటే నలభై తొమ్మిది మీటర్లు కూడా లేదు. మాకు దొరికిన మైదానంలో పక్క గీతకు నాలుగు గజాల అవతలే రన్నింగ్ ట్రాక్ ఉంది. పక్కకు జరపడానికి చోటు లేదు. కొత్తగా రంగు వేయకూడదని టౌన్ షరతు. కోన్లు పెట్టుకోవచ్చు, అంతే.

మిసెస్ హాలరన్ ఒక ట్రయల్ రోజు ఇచ్చారు. అది సవ్యంగా జరిగితే ఏడుగురు సభ్యుల రిక్రియేషన్ కమిటీ ఓటు వేస్తుంది. ఓటు గెలిస్తే సీజన్ మొత్తానికీ మైదానం మాది. ఓడితే మా నాలుగు జట్లలో రెండు విడిపోతామని ముందే చెప్పేశాయి. మిగిలిన రెండు జట్లతో లీగ్ నడవదు.

ఆ విడిపోయే జట్లలో ఒకదానికి కెప్టెన్ సియోనె. పసిఫిక్ దీవుల్లోని టోంగా మనిషి, నాకు ఒకటిన్నర రెట్లు ఉంటాడు, విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని. నన్ను అంకుల్ అంటాడు. అది కార్తీక్ పుణ్యం. ఇంటికి వచ్చే వాళ్లమ్మ స్నేహితులందరినీ అన్నట్టే నన్నూ "శ్రీధర్ అంకుల్" అంటూ మైదానంలోకి వచ్చాడు. అదేదో హోదా అనుకుని మొత్తం లీగ్ అందుకుంది. నలభై ఏళ్ల మనుషులు నిర్ణయం నచ్చకపోతే "కమాన్, అంకుల్!" అని అరుస్తారు.

"అంకుల్, వారంలో ఆరు రోజులు వేరేవాళ్ల సూట్‌కేసులు మోస్తాను. ఏడో రోజు ఈ బంతి మోయకపోతే నాకు పిచ్చెక్కుతుంది. మైదానం సంపాదించు," అన్నాడు సియోనె ఆ చలికాలంలో.

డెస్ దగ్గర నేర్చుకున్నది

ఫుట్‌బాల్ మైదానానికి సరిపడా రూల్స్ రాసే పని డెస్ నాకు అప్పగించాడు. డెస్ ఆస్ట్రేలియాలో ఎలక్ట్రీషియన్, కూతురి దగ్గరుందామని ఇక్కడికి వచ్చేశాడు. నాకు దొరికిన పై అధికారుల్లో, ఆఫీసువాళ్లను కూడా కలుపుకొని, అతనే ఉత్తముడు. నన్ను పొగిడినట్టు ఒక్కసారీ గుర్తులేదు.

నా మొదటి మ్యాచ్‌లో కనిపించిన ప్రతి తప్పుకూ విజిల్ ఊదాను. పుస్తకం ప్రకారం ఒక్కటీ అన్యాయం కాదు. ఆట అయ్యాక డెస్ వచ్చి, "శ్రీ, వీళ్లు పొద్దున్నే లేచి ఇంత దూరం వచ్చింది నీ విజిల్ వినడానికనుకున్నావా?" అన్నాడు.

"అవన్నీ నిజంగా తప్పులే," అన్నాను.

"అవును. వాటిలో ఆటను పాడుచేసినవి ఎన్ని?"

లెక్కపెట్టి చెప్పాను. ఆరు.

"అయితే ఆరుసార్లు ఊదు."

ఇంతకంటే మంచి శిక్షణ నాకు ఏ కోర్సులోనూ దొరకలేదు. కొత్తవాళ్లకు నా సలహా కూడా అదే. తప్పు కనిపించడం కష్టమేమీ కాదు, కళ్లున్నవాళ్లందరికీ కనిపిస్తుంది. ఏది వదిలేయాలో తెలియడానికి మాత్రం రెండు సీజన్లు పడుతుంది.

అర మనిషి

రూల్స్ రాయమంటే టెస్టింగ్ ఇంజనీరు చేసే పనే చేశాను. రెండు మైదానాల వైశాల్యాల నిష్పత్తి తీశాను. సున్నా పాయింట్ ఆరు ఆరు వచ్చింది. మనుషుల సంఖ్యను ఆ నిష్పత్తితో, దూరాలను దాని వర్గమూలంతో కుదించాను. పద్నాలుగు పేజీలు, మూడు పట్టికలు. పది మీటర్లు వెనక్కి వెళ్లాలన్న రూల్ 8.1 మీటర్లయింది. జట్టుకు పదమూడు మంది కాస్తా ఎనిమిదిన్నర అయ్యారు.

డెస్ మొత్తం చదివాడు. అతని పెదాలు కదలడం చూస్తూ కూర్చున్నాను.

"ఈ అర మనిషి ఎవడు? సియోనె వాళ్లావిడ తమ్ముడా?"

"దాన్ని తొమ్మిదికి రౌండ్ చేయొచ్చు."

"పద, మైదానానికి పోదాం."

మంచు అక్కడక్కడా మిగిలిన ఫిబ్రవరి. నన్ను ఒక తెల్ల గీత మీద నిలబెట్టి, "8.1 మీటర్లు వెనక్కి నడువు," అన్నాడు. నడిచాను. టేపు పెట్టి కొలిచాడు. తొమ్మిది మీటర్లకు కొంచెం తక్కువ వచ్చింది. మళ్లీ నడవమన్నాడు. ఈసారి ఏడున్నర.

"రాసిన నీకే దొరకలేదు. ఎనభై నిమిషాలు పరుగెత్తి, ఊపిరాడక, వానలో, ఇరవై మంది నీ మీద అరుస్తుంటే దొరుకుతుందా? కింద చూడు. ఈ దేశంవాళ్లు ప్రతి ఐదు గజాలకూ తెల్ల గీత గీసి, నంబర్లు కూడా వేసి మనకు ఊరికే ఇచ్చారు. అది వదిలేసి నువ్వు 8.1 అంటావు."

పద్నాలుగు పేజీలు చింపడానికి మనసు ఒప్పక ఒక ఫోల్డరులో పెట్టాను. మరుసటి వారమే ఒక్క పేజీ రాశాను. మొదటి రూలు ఇది: పుస్తకంలో మీటరు అని ఉన్నచోటల్లా గజం అని చదువుకోండి. పది మీటర్లంటే పది గజాలు, అంటే రెండు గీతలు వెనక్కి. ఆటగాళ్లకు వివరించాల్సిన అవసరమే రాలేదు, కిందికి చూస్తే చాలు.

మనుషుల సంఖ్య లెక్కలో తేలలేదు. ఆడించి చూశాం. ఆ వెడల్పులో పదమూడు మంది నిలబడితే గోడ కట్టినట్టుంది, బంతి పట్టుకున్నవాడికి దూరడానికి సందు లేదు. తొమ్మిది మందితో అడ్డూ అదుపూ లేని పరుగులు, ఇరవై నిమిషాలకే అందరూ నడుము పట్టుకున్నారు. పదకొండు మందితో ఆట ఆటలా ఉంది.

"ఇద్దర్ని తీసేయమంటే ఎలా, అంకుల్?" అన్నాడు సియోనె. "ఒకడు మా ఆవిడ తమ్ముడు. వాణ్ణి బెంచీ మీద కూర్చోబెడితే నాకు ఇంట్లో తిండి ఉండదు."

అది నవ్వులాట కాదు. మా ఆటగాళ్లు వారమంతా పనిచేసి శనివారం ఆడటానికి వస్తారు, కూర్చోవడానికి కాదు. అందుకని ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చని రెండో రూల్లో చేర్చాం. ఫుట్‌బాల్‌లో ఎలాగూ అలాగే మారుస్తుంటారు, చూసేవాళ్లకు వింతగా ఉండదు. బావమరిది దారిలోకి వచ్చాడు.

మూడోది: ట్రాక్ దగ్గర కాబట్టి, పక్క గీత దాటినవాణ్ణి నెట్టకూడదు. నాలుగోది కన్వర్షన్. రగ్బీ లీగ్‌లో పోస్టులు ట్రై గీత మీదే ఉంటాయి. ఫుట్‌బాల్‌లో అవి ఇంకా పది గజాల వెనక, మైదానం చివరి గీత మీద ఉంటాయి. ఆ మైదానంలోవి పాతకాలపు రెండు కాళ్ల పోస్టులు. మూలల్లో ట్రై చేసినా సరే, అప్పటికే గీసి ఉన్న మధ్య గుర్తుల దగ్గర్నుంచే తన్నాలని రాశాం. ఐదోది: బంతి గానీ మనిషి గానీ పోస్టును తాకితే ఆట ఆగుతుంది.

ఐదో రూలు రాసి, నంబరు వేసి, తృప్తిగా టీ తాగాను.

పదిహేడో నిమిషం

మొదటి మ్యాచ్ బాగా జరిగింది. మిసెస్ హాలరన్ క్లిప్‌బోర్డు పక్కన పెట్టి, మూడో ట్రైకి చప్పట్లు కూడా కొట్టారు. రెండో మ్యాచ్‌లో కార్తీక్ దిగాడు. ఇరవై ఏళ్లవాడు, కాలేజీలో చదువుతున్నాడు. బలం తక్కువైనా బంతి ఎక్కడ పడుతుందో అందరికంటే ముందు తెలుస్తుంది.

పదిహేడో నిమిషంలో అతని జట్టువాడు బంతిని నేలబారుగా ట్రై గీత అవతలికి తన్నాడు. కార్తీక్ ఏటవాలుగా పరుగెత్తాడు. చివరి గీతకు గజం ముందు బంతిని చేత్తో నొక్కాడు. గడ్డి మీద ఇంకా మంచు తడి ఉంది. అతను ఆగలేదు. జారుకుంటూ వెళ్లి పోస్టు కాలును భుజంతో కొట్టాడు.

ప్యాడ్‌కు తగిలితే ధబ్‌మని వస్తుంది. నేను విన్నది ఇనుప చప్పుడు.

పరుగెత్తి వెళ్లాను. భుజం పట్టుకుని, మొహం పాలిపోయి, "ట్రై ఆ, అంకుల్?" అన్నాడు.

"ట్రైయే రా. కదలకు."

ప్యాడ్ అక్కడే ఉంది. కాకపోతే ఆ ప్యాడ్లు మూడు వైపులే కప్పుతాయి, నాలుగో వైపు పట్టీలు. పట్టీలు వదులై, గాలికి ప్యాడ్ తిరిగిపోయి, తెరిచిన వైపు మైదానంలోకి వచ్చింది. నాలుగు వేళ్ల వెడల్పున ఇనుము బయటికి కనిపిస్తోంది. సరిగ్గా అక్కడే తగిలాడు.

అంబులెన్స్ వచ్చింది. మూడో మ్యాచ్ రద్దు చేశాను. మిసెస్ హాలరన్ క్లిప్‌బోర్డు మీద చాలాసేపు రాశారు. సియోనె మైదానం మధ్యలో నిలబడి గీతల్ని చూస్తున్నాడు. మైదానం చేజారేలా ఉందని ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఓటు పన్నెండు రోజుల్లో ఉంది.

ఎమర్జెన్సీ గదిలో

కాలర్ బోన్ విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఎనిమిది వారాలు పడుతుందన్నారు.

పద్మజ గారు ఎడిసన్‌లో ఫార్మసిస్టు. ఆవిడ ఆ ఆట చూడటం అదే మొదటిసారి.

"కబడ్డీ లాంటిదే మమ్మీ, శ్రీధర్ అంకుల్ కూడా ఉంటాడు అన్నాడు వీడు," అన్నారు నాతో. "ఉన్నావుగా?"

"ఉన్నానండీ."

"ఉండి ఏం చేశావు?"

జేబులోంచి చెక్‌లిస్టు తీసి ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలియదు. చేతిలో అదే ఉంది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివారు.

"ముప్పై ఒకటి. పోస్టు ప్యాడ్లు ఉన్నాయి. టిక్కు. ఎక్కడ నిలబడి చూశావయ్యా?"

"సెంటర్ నుంచి."

"యాభై గజాల నుంచా!"

"అరవై అండీ. చివరి గీత దాకా అయితే అరవై."

ఆవిడ కార్తీక్ వైపు తిరిగారు. "అరవై అట. ఎంత కరెక్ట్‌గా చెప్తున్నాడో చూడు మీ అంకుల్."

"మమ్మీ, ప్లీజ్. ఇట్ వాజ్ యాన్ యాక్సిడెంట్. అంకుల్‌ని తిట్టకు."

"నువ్వు నోరు మూసుకో. భుజం విరిగినా నోరు బానే ఉంది." మళ్లీ నా వైపు. కాగితం తిప్పి, వెనక అచ్చేసిన మా రూల్స్ చదివారు. "ఈ ఐదో రూలేంటి? పోస్టును తాకితే ఆట ఆగుతుందా? తాకాక ఆగితే ఏం లాభం? వీడు తాకాడు, ఆట ఆగింది. నీ రూల్ బ్రహ్మాండంగా వర్క్ అయింది."

ఎనిమిదేళ్లలో నా పనిని ఇంత బాగా టెస్ట్ చేసినవాళ్లు లేరు.

కాసేపటికి ఆవిడ గొంతు తగ్గింది. "మా దగ్గర టెక్నీషియన్ మాత్రలు లెక్కపెట్టి సీసాలో పోస్తాడు. మంచివాడు, తప్పు చేయడు. అయినా ఆ సీసా మూత తీసి, నా కళ్లతో చూసి, నా చేత్తో మూత పెట్టందే కౌంటర్ దాటదు. నువ్వు దూరం నుంచి సీసా ఉందా లేదా అని చూశావు. సీసా ఉంది."

ఉద్యోగంలో ఇది నేను జూనియర్లకు నేర్పే మొదటి పాఠం. ఒక వస్తువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. వారానికి ఐదు రోజులు నేర్పేది శనివారం నేనే మర్చిపోయాను.

టిక్కు ఎవరిది

లీగ్‌లో కొందరు ఒక దారి చెప్పారు. ప్యాడ్లు కట్టేది స్కూలు సిబ్బంది, పట్టీలు వదులుగా కట్టింది వాళ్లు, కమిటీకి ఆ మాటే రాసి పంపమన్నారు. అందులో అబద్ధం లేదు. నాకూ ఒక పూట ఆ దారి బాగానే అనిపించింది.

డెస్‌కు ఫోన్ చేశాను.

"ప్యాడ్ కట్టింది వాళ్లే," అన్నాడు. "టిక్కు ఎవరిది?"

"నాదే."

"మరి?"

"నిజం చెబితే మైదానం పోతుందేమో, డెస్."

"పోతే పోనీ. స్కూలువాళ్ల మీద నెట్టి గెలిచావనుకో. వచ్చే శనివారం మళ్లీ అరవై గజాల నుంచే చూస్తావు."

ఆ ఆదివారం నేను, డెస్, సియోనె కలిసి పేజీని మళ్లీ రాశాం. ఐదో రూలు కొట్టేశాం. చివరి గీతకు రెండు గజాల ముందు కోన్లు పెట్టి, అక్కడితోనే ఆట ఆగిపోతుందని రాశాం. అంటే ట్రై చేసే చోటు పది గజాల బదులు ఎనిమిది. ఇక బంతి కోసం పోస్టు కాళ్ల దాకా వెళ్లాల్సిన పని ఎవరికీ ఉండదు. రెండు గజాలు పోయినందుకు సియోనె గొణుగుతాడనుకున్నాను. గొణగలేదు. డెస్ ఇంటి పెరట్లో తడి గడ్డి మీద బూట్లతో జారి చూసి, "రెండు చాలు," అన్నాడు.

ఆరో రూలు పద్మజ గారిది. ఆట మొదలయ్యే ముందు రెఫరీ, ఇద్దరు కెప్టెన్లు ప్రతి పోస్టు కాలు దగ్గరికీ నడిచి వెళ్లాలి. ముగ్గురూ ప్యాడ్ మీద అరచేయి ఆనించి, లాగి, తిప్పి చూడాలి. నాలుగు కాళ్లకూ మూడేసి చేతులు పడేదాకా విజిల్ ఊదకూడదు. ఆవిడకు ఫోన్లో చదివి వినిపించాను.

"నువ్వు లేని రోజు?" అన్నారు.

"ఆ రోజు రెఫరీ ఎవరైతే వాళ్లు. కెప్టెన్లు ఎలాగూ ఉంటారు."

"ఊఁ," అన్నారు. ఆ ఊఁ అంగీకారమో కాదో తెలియలేదు.

కొత్త రెఫరీలు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: ఇంత నడక అవసరమా, వీడియో తీసి పంపితే చాలదా? చాలదు. నడవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ కాసేపట్లో ఒకరి మీద ఒకరు పడబోయే ఇద్దరు కెప్టెన్లు పక్కపక్కనే నడుస్తారు, ఏదో ఒకటి మాట్లాడుకుంటారు. దాంతో మైదానంలో గొడవలు కూడా తగ్గుతాయి. అది నేను ఆశించిన లాభం కాదు, ఉచితంగా వచ్చింది.

కమిటీ ముందు

టౌన్ హాల్ మొదటి అంతస్తులో ఏడుగురు సభ్యులు పొడవాటి బల్ల వెనక కూర్చున్నారు. నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఒకటో అంశం గురించి ముందు చెప్పాను. ఎక్కడ నిలబడ్డాను, ఏం చూశాను, ఏం చూడలేదు, టిక్కు నాదే. తర్వాత కొత్త పేజీ పంచాను. ఇంకా నలభై సెకన్లు మిగిలాయి.

చివర కూర్చున్న ముసలాయన పేజీని అటూ ఇటూ తిప్పాడు. "ఆ అబ్బాయి కుటుంబం టౌన్ మీద కేసు వేస్తోందా? అది తెలియకుండా మేం ఓటు వేయలేం."

వెనక వరసలోంచి పద్మజ గారు లేచారు. ఆవిడ వస్తున్నట్టు నాకు చెప్పలేదు. పక్కన కార్తీక్, చేయి స్లింగ్‌లో.

"నేను ఆ అబ్బాయి మదర్‌ని. కేసు వేయడానికి రాలేదు," అన్నారు ఇంగ్లీషులో. "ఇతను తప్పు చేశాడు. నేను చాలా తిట్టాను, ఇంకా కోపం పోలేదు. కానీ ఎవరూ అడక్కముందే తన తప్పు ఏ లైన్లో ఉందో వేలు పెట్టి చూపించాడు. నేను ఇరవై రెండేళ్లుగా ఫార్మసీలో పనిచేస్తున్నాను. అలా చూపించేవాళ్లు తక్కువ."

"మీ అబ్బాయిని మళ్లీ ఆడనిస్తారా?" అడిగింది అధ్యక్షురాలు.

"వాడికి ఇరవై ఏళ్లు. నేను వద్దంటే మానడు. ఇంకెక్కడో, పోస్టు మీద ఎవరూ చెయ్యి పెట్టి చూడని చోట ఆడతాడు. ఇక్కడైతే నాకు అన్నీ కనిపిస్తాయి." ఒక్క క్షణం ఆగి, "వీళ్లు చేతులు పెట్టకుండా విజిల్ ఊదిన రోజు మిసెస్ హాలరన్‌కి నేనే ఫోన్ చేస్తాను," అన్నారు.

మిసెస్ హాలరన్ తల దించుకుని నవ్వు ఆపుకున్నారు. కూర్చుంటూ పద్మజ గారు నాకు వినిపించేలా తెలుగులో, "ఇంకోసారి అరవై గజాలన్నావంటే చూడు," అన్నారు.

నా వెనక సియోనె ఉన్నాడు. విమానాశ్రయం యూనిఫాంలోనే వచ్చాడు. డెస్ కళ్లు మూసుకున్నాడు. అధ్యక్షురాలు ఒక్కొక్కరి పేరూ పిలిచింది. మొదటివాడు అనుకూలం. తర్వాతి ఇద్దరూ వ్యతిరేకం. నాలుగో ఆమె, ఐదో ఆయన అనుకూలం. ఆరో ఆయన బీమా గురించి రెండు నిమిషాలు మాట్లాడి, వ్యతిరేకం అన్నాడు. మూడు, మూడు. ఇక అధ్యక్షురాలి ఓటే మిగిలింది. ఆమె పేజీని ఇంకోసారి చదివి, పెన్ను మూత పెట్టి, తన ఓటు చెప్పి, ఫలితాన్ని పుస్తకంలోకి ఎక్కించమంది.

అనుకూలం నాలుగు, వ్యతిరేకం మూడు.